ఫ్రెడ్ హాన్సెన్

గడను ఊతగా గొని ఎత్తైన అడ్డకఱ్ఱను దాటు క్రీడకు పోల్‌వాల్ట్ అని పేరు. గడసాని ఎక్కు గడ నేలలో పాతుకొని కదలక నిలుచును. ఈ క్రీడలో అట్లు కాదు. క్రీడాకారుడు గడను చేతబూని పరుగెత్తుకొని వచ్చి, దాని కొనను అడ్డకఱ్ఱ క్రింద నేలలో అమర్చిన పెట్టెలో గ్రుచ్చును. పరుగువలన గలిగిన వేగమే అతనిని పైకి లేవనెత్తును.

పూర్వము ఈ గడలు వెదురువి. 1940లో కార్నీలియస్ వార్మర్‌డామ్ వెదురు గడతోనే 15 అడుగులు దాటి లోకమును అబ్బురపఱచెను. పిమ్మట లోహపు గడలును, 1960 తరువాత గాజునార గడలును వ్యాపించెను. గాజునార గడ విల్లువలె వంగి, పరుగులోని శక్తిని తనయందు దాచుకొని, తిరిగి నిక్కునపుడు దానిని క్రీడాకారునకు ఒసగును. గడయే పని చేయును, మనుష్యుని గొప్ప యేమున్నదని కొందఱు ఆక్షేపించిరి. ఆ మాట సరికాదు. గడ ఏ క్షణమున నిక్కునో యెఱిగి, ఆ క్షణమునకు కాళ్ళు మీదికి, తల క్రిందికి ఉండునట్లు దేహమును అమర్చుకొనవలయును. రెప్పపాటు ఆలస్యమైనను శ్రమ వ్యర్థమగును.

ఈ విద్యను చక్కగా సాధించినవాడు ఫ్రెడ్ హాన్సెన్. అతడు 1940లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున జన్మించి, హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున చదివెను. 1964 వేసవిలో 5.23 మీటర్లు, మఱికొన్ని వారములకు 5.28 మీటర్లు దాటి ప్రపంచ రికార్డులు నెలకొల్పెను.

ఆ యేడు అక్టోబరులో టోక్యో ఒలింపిక్స్ జరిగెను. 1896 మొదలు 1960 వఱకు ఈ పోటీలో ప్రతిమాఱును అమెరికావారే స్వర్ణపతకము గొనియుండిరి. ఆ భారమంతయు హాన్సెన్ భుజములపై బడెను. మధ్యాహ్నము మొదలైన పోటీ ప్రొద్దు గ్రుంకి దీపములు వెలిగినను ముగియలేదు. తుదకు హాన్సెన్‌తో జర్మనీ క్రీడాకారుడు రైన్‌హార్ట్ ఒక్కడే మిగిలెను.

అడ్డకఱ్ఱను 5.05 మీటర్లకు ఎత్తిరి. ఏదేని ఎత్తును దూకక విడిచిపెట్టుటకు నియమములు అనుమతించును. హాన్సెన్ బలమును కాచుకొనదలచి ఆ ఎత్తును విడిచిపెట్టెను. రైన్‌హార్ట్ దానిని దాటెను. ఇక 5.10 మీటర్ల వద్ద హాన్సెన్ తప్పినచో స్వర్ణము జర్మనీదే. అతడు మొదటిమాఱు తప్పెను, రెండవమాఱును తప్పెను. మూడు తప్పులైనచో ఎవరైనను పోటీనుండి తొలగవలసినదే. మూడవమాఱు గడ వంగి నిక్కెను. హాన్సెన్ అడ్డకఱ్ఱ కావలికి దుమికెను. రైన్‌హార్ట్ యొక్క మూడు యత్నములును ఆ ఎత్తున విఫలమయ్యెను.

అమెరికావారి గెలుపుల వరుస 1972లో గాని తెగలేదు. హాన్సెన్ మాత్రము క్రీడారంగమును విడిచి, దంతవైద్యుడై హ్యూస్టన్‌లోనే స్థిరపడెను.