పాత బండికి కొత్త టైరు: అందం కాదు, అంకెలే ప్రమాణం

చెన్నై: నలభై, యాభై ఏళ్ళ నాటి మోటారు సైకిలును బాగు చేయించుకునే యజమాని పెట్రోలు ట్యాంకు మీది బంగారు గీతల కోసం నెలల తరబడి తిరుగుతాడు. అసలైన హెడ్‌లైటు దొరికితే దాని కోసం మరో ఊరు వెళ్ళడానికైనా వెనుకాడడు. తీరా టైర్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం తరచు రెండు పొరపాట్లలో ఒకటి జరుగుతున్నది. గ్రిప్పు ఇంకా అరగలేదు కదా అని బండితో పాటు వచ్చిన పాత టైరునే ఉంచేయడం మొదటిది. వెడల్పు టైరు ఠీవిగా కనిపిస్తుందని కొలత కానిదాన్ని బిగించడం రెండవది. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. పాత బండిలో అనేక భాగాలకు వయసుతో పాటు విలువ పెరుగుతుంది. టైరు విషయంలో మాత్రం అది తలకిందులు.

కర్మాగారాలు పోయినా బండ్లు మిగిలాయి

దేశంలో ఇలాంటి బండ్లకు కొదవ లేదు. మద్రాసు శివారు తిరువొట్టియూరులో ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో ప్రారంభమై బుల్లెట్ల తయారీని చేపట్టింది. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం నుంచి 1960 దశకం మొదలుకొని 1996 వరకు జావా, యెజ్డీ వాహనాలు వెలువడ్డాయి. ఎస్కార్ట్స్ సంస్థ 1983లో యమహా నమూనాతో రాజ్‌దూత్ 350ని విడుదల చేసింది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఉత్పత్తి 1996లో నిలిచిపోయింది. ఈ బండ్లు నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

అయితే వీటి చక్రాల కొలతలు ఒకదానితో ఒకటి పొసగవు. పాత బుల్లెట్‌కు ముందూ వెనుకా 19 అంగుళాల చక్రాలే. పాత జావాకు 16 అంగుళాలు. యెజ్డీ రోడ్‌కింగ్, రాజ్‌దూత్ 350లకు 18 అంగుళాలు. 2023లో వచ్చిన కొత్త బుల్లెట్ 350కి ముందు చక్రం 19 అంగుళాలే అయినా, వెనుక చక్రం 18 అంగుళాలకు మారింది. పేరు ఒకటే కదా అని కొత్త బుల్లెట్ వెనుక టైరును కొని తెచ్చుకుంటే అది పాత బుల్లెట్ రిమ్ముకు ఎక్కదు.

అంకెల్లో ఏముంది?

పాత టైరుపై 3.25-19 అని ఉంటే మొదటి అంకె టైరు వెడల్పును, రెండవది రిమ్ము వ్యాసాన్ని అంగుళాలలో తెలుపుతాయి. పాత పద్ధతి టైర్లకు ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. కొత్త పద్ధతిలో 100/90-19 అని ఉంటుంది. అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 19 అంగుళాలు. 3.25 అంగుళాలంటే సుమారు 82 మిల్లీమీటర్లు మాత్రమే. కనుక ఈ రెండు టైర్లూ ఒకే రిమ్ముకు ఎక్కినంత మాత్రాన ఒకటి కావు.

లెక్క వేస్తే రెండవ టైరు మొత్తం వ్యాసం మొదటిదానికన్నా సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ. ముందు చక్రం నుంచి వేగాన్ని కొలిచే మీటరు అప్పుడు అసలు వేగం కన్నా కాస్త తక్కువ చూపుతుంది. అంతకన్నా ముఖ్యమైనది చోటు సమస్య. వెడల్పు టైరు వెనుక ఫోర్కుకో, చైన్ కవరుకో, మడ్‌గార్డు కడ్డీకో రాసుకునే ప్రమాదం ఉంది. దుకాణంలో ఖాళీ బండిపై అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఇద్దరు కూర్చుని గుంతలో పడినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరు బిగిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి ఆకారం మారుతుంది. మలుపులో బండి వంగినప్పుడు పట్టు తప్పడానికి ఇదొక కారణం.

కొలత తరువాత చూడవలసినది బరువు, వేగాల సంకేతం. 54పి అని ఉంటే 54 అనేది ఆ టైరు 212 కిలోల బరువు మోయగలదని, పి అక్షరం గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదని సూచిస్తాయి. బండి తయారీదారు సూచించిన దానికన్నా ఇవి తక్కువ కారాదు.

గ్రిప్పు ఉన్నా గండమే

రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండ, వేడి, గాలిలోని ఓజోను దాన్ని గట్టిపరుస్తాయి. షెడ్డులో పదిహేనేళ్ళు నిలిచిన బండి టైరుకు గ్రిప్పు నిండుగా ఉండవచ్చు. కాని పక్క భాగాన్ని వేలితో వంచి చూస్తే వెంట్రుకవాసి పగుళ్ళు కనిపిస్తాయి. తడి రోడ్డుపై గట్టిపడిన రబ్బరుకు పట్టు ఉండదు. పైగా ట్యూబు ఉన్న టైరు పేలితే గాలి ఒక్కసారిగా పోతుంది. ముందు టైరుకు ఇలా జరిగితే బండిని నిలదొక్కుకోవడం మిక్కిలి కష్టం.

చాలా టైర్ల పక్క భాగంలో నాలుగు అంకెల తేదీ ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. 2000వ సంవత్సరానికి ముందు మూడు అంకెలే వేసేవారు. కనుక మూడంకెల ముద్ర కనిపిస్తే మరో పరీక్ష అవసరం లేదు. ఐదేళ్ళు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలనీ, పదేళ్ళు దాటితే చూడటానికి బాగున్నా మార్చివేయాలనీ పలు టైర్ల కంపెనీల సలహా.

అసలు టైరే ఉండాలని పట్టుబట్టేవారు మరొకటి గమనించాలి. పశ్చిమ బెంగాల్‌లోని సహాగంజ్‌లో 1936 నుంచి నడిచిన డన్‌లప్ కర్మాగారంలో 2011లో ఉత్పత్తి ఆగిపోయింది. అక్కడ తయారైన టైరు ఎక్కడైనా దొరికితే అది గోడకు తగిలించి చూసుకోవడానికే తప్ప రోడ్డు మీదికి పనికిరాదు.

ట్యూబు తప్పదు

స్పోకుల చక్రానికి రిమ్ములో రంధ్రాలుంటాయి. ట్యూబు లేకుంటే వాటి గుండా గాలి పోతుంది. ట్యూబులెస్ టైరు కొన్నా, దాని తయారీదారు అనుమతించిన పక్షంలో లోపల ట్యూబు వేసి వాడుకోవలసిందే. కొత్త టైరులో పాత ట్యూబును వేయడం పొదుపు కాదు. సాగిపోయిన ట్యూబు మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. టైరు విప్పినప్పుడే రిమ్ము లోపలి తుప్పును గీకించి, స్పోకుల మొనలు ట్యూబుకు తగలకుండా కొత్త పట్టీ వేయించాలి. ముందు ఒక రకం, వెనుక మరో రకం అన్నట్లు రేడియల్ టైరునూ పాత పద్ధతి టైరునూ కలపకూడదు. పక్క భాగంలో బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే దిశకు అనుగుణంగా బిగించాలి.

చట్టం ఏమంటున్నది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం ద్విచక్ర వాహనాల టైరుకు గ్రిప్పు లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ విధానాన్ని నోటిఫై చేసింది. ఛాసిస్, బాడీ, ఇంజను మౌలికంగా మార్చని వాహనాలకే ఈ గుర్తింపు. అరిగే వస్తువైన టైరు ఈ మూడింటిలోకీ రాదు. కాబట్టి కొత్త టైరు వేస్తే బండి పురాతనత్వం పోతుందన్న భయానికి ఆధారం లేదు.

అరుదైన కొలతలకు విదేశీ టైర్లపై ఆధారపడటమూ అంత సులభం కాదు. 2020 జూన్‌లో కేంద్రం మోటారు సైకిలు టైర్లతో సహా పలు రకాల కొత్త టైర్ల దిగుమతిని స్వేచ్ఛా విభాగం నుంచి తప్పించి, లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇంగ్లండులో పాత బండ్ల టైర్లకు పేరుపడిన ఏవన్ వారి మెల్క్‌షామ్ కర్మాగారం 2023 చివరలో మూతపడింది. ఈ పరిస్థితుల్లో స్వదేశీ కంపెనీల జాబితాలో సరైన కొలత దొరికినప్పుడు రెండు చక్రాలకూ ఒకేసారి కొనడం మంచిది. మునుముందు పనికొస్తాయని నాలుగైదు జతలు కొని అటక మీద పెట్టడం మాత్రం దండగ. అక్కడ కూడా వాటి వయసు ఆగదు.

బిగించిన తరువాత తొలి 150 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. కొత్త టైరు పైపొర నునుపు పోయేవరకు గట్టి బ్రేకులు, వాలు మలుపులు కూడవు. మోటారు సైకిలు ఎంత ఖరీదైనదైనా నేలను తాకేది రెండు అరచేతులంత రబ్బరే. మనిషి ప్రాణం ఆనుకుని ఉండేది ఆ కాస్త జాగా మీదే.