ఐర్లండు దళం టోపీ బిళ్లపై బెంగాల్ పులి

పాత బ్రిటిష్ సైనిక దళాల టోపీ బిళ్లలను గుర్తించడంలో పేరును, బొమ్మను కలిపి చదవాలి. రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ బిళ్ల ఇందుకు తగిన ఉదాహరణ. పేరు ఐర్లండు ప్రాంతానిది; మండే గ్రెనేడుపై ఉన్నది బెంగాల్ పులి. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో పుట్టిన 101, 104వ రెజిమెంట్లను 1881లో విలీనం చేసి ఈ దళాన్ని ఏర్పరచారు. పులి ఆ పూర్వచరిత్రకు గుర్తు. చందుర్తి (1758), మచిలీపట్నం (1759) యుద్ధగౌరవాలు కూడా ఆ వారసత్వంగానే దీనికి సంక్రమించాయి.

దళం 1922లో రద్దయింది. కనుక బిళ్ల నమూనా 1881-1922 మధ్యకాలానిది. అయితే కావ్యరచనా కాలం వేరు, తాళపత్ర ప్రతి రాసిన కాలం వేరు అయినట్లే, నమూనా కాలం, వస్తువు తయారైన కాలం ఒకటి కానక్కరలేదు. పాత బిళ్లలకు తరువాతి కాలపు నకళ్లు ఉన్నాయి. అందువల్ల గీతల స్పష్టత, లోహం, అరుగుదల, వెనుక కొక్కేలు పరిశీలించిన తరువాతే సేకర్త బిళ్ల ప్రామాణికతను నిర్ణయించాలి.