వెలుగు సోకిన గ్రాఫీను

1873లో సముద్రగర్భ తంతితీగలను పరీక్షించుచుండిన విల్లోబీ స్మిత్ అను ఇంగ్లీషు ఇంజనీరు, సెలీనియపు కడ్డీలపై వెలుతురు పడినప్పుడెల్ల వాని విద్యున్నిరోధము తగ్గుట గమనించెను. కట్టుపడియున్న ఎలక్ట్రానులను కాంతి విడిపించుటయే దీనికి కారణము. నాటినుండి వెలుగు విద్యుత్తునకు చెలిమికత్తె యను భావము పాతుకొనెను. గ్రాఫీను విషయమున ఈ చెలిమి ఒక్కొక్కప్పుడు వికటించుచున్నది.

గ్రాఫీనన మరేమియు కాదు. పెన్సిలులోని గ్రాఫైటునుండి ఒకే పరమాణువు మందమున ఒలిచిన పొర. అందు కర్బన పరమాణువులు తేనెపట్టు గదులవలె అమరియుండును. 2004లో మాంచెస్టరునందు గైమ్, నొవొసెలోవ్ అనువారు దీనిని అంటుకొను టేపుతో ఒలిచి తీసి, 2010లో నోబెల్ బహుమానము పొందిరి. (టేపుముక్కతో సాధించిన విజయములు లోకమున అరుదు!) ఈ పొరలో ఎలక్ట్రానులు ద్రవ్యరాశి లేనివానివలె, కాంతివేగమున దాదాపు 300వ వంతు వేగముతో సంచరించును. పైబడిన తెల్లని వెలుతురులో ఈ పొర మ్రింగునది నూటికి 2.3 పాళ్లు. ఒక్క పరమాణువు మందమునకు అది స్వల్పమేమియు కాదు.

వెలుగును మ్రింగిన ఎలక్ట్రాను ఆ శక్తిని తోడి ఎలక్ట్రానులకు పంచిపెట్టును. సెకండును కోటికోట్ల భాగములు చేసినచో, అందు కొన్ని భాగములలోనే ఈ పంపకము ముగియును. తీవ్రమైన లేసరు మెరుపు సోకినప్పుడు, పరమాణువుల చట్రము ఇంకను చల్లగనే యుండగా, ఎలక్ట్రానులు మాత్రము క్షణకాలము వేలడిగ్రీలకు వేడెక్కును. ప్రవహించు ఎలక్ట్రానులు కొలదిగా నున్న గ్రాఫీనులో క్రొత్తగా లేచినవి ప్రవాహమును పెంచును. అచ్చట సెలీనియపు సూత్రమే చెల్లును. అవి ముందే కిక్కిరిసియున్నచోట క్రొత్తవాని వలన ఒరుగునది లేదు. తిరునాళ్లలో అలజడి పుట్టినచో ఎవరి నడకయు సాగనట్లు, వేడెక్కిన ఎలక్ట్రానుల గమనము మందగించి వాహకత తగ్గును.

ఇంతకంటె విచిత్రము మరియొకటి కలదు. ప్రవాహమును ప్రక్కకు మరల్చుటకు అయస్కాంతము చాలునని 1879లో ఎడ్విన్ హాల్ కనుగొనెను. గ్రాఫీనునందు అయస్కాంతముతో పనిలేదనియు, మరచుట్లవలె తిరుగుచు వచ్చు కాంతియే ఆ పని చేయగలదనియు 2009లో తకాషి ఓకా, హిదెవో ఆవోకి అను జపాను శాస్త్రజ్ఞులు గణితముతో చెప్పిరి. 2020లో హాంబర్గునందలి మాక్స్ ప్లాంక్ సంస్థవారు పరారుణ లేసరుతో దీనిని చేసి చూపిరి. కాంతి తిరుగుదిశ మార్చినంతనే ప్రవాహము రెండవ ప్రక్కకు మరలెను. రెప్పపాటులో వేయవవంతైనను నిలువని ఆ ప్రవాహమును సామాన్యపు మీటరు పసిగట్టజాలదు. కావున మరియొక లేసరు మెరుపుతో తెరచుకొను మీటను వారు వాడవలసివచ్చెను.

అయితే అదంతయు జపానువారు చెప్పిన కారణముననే జరిగినదనుట తొందరపాటు. కాంతి ఎలక్ట్రానుల దారులనే మార్చినదా, ఉన్న దారులలో వానిని హెచ్చుతగ్గులుగా పంచినదా? రెండింటికిని ఇందు పాలున్నదని పిమ్మటి లెక్కలు తెలుపుచున్నవి.