‘డిడ్ నాట్ వెంట్’ తప్పును ఇంటి తెలుగే దిద్దుతుంది

తుడియలూరు: నిన్న ఆటకు ఎందుకు రాలేదని టీచర్ ఇంగ్లీషులో అడిగితే, ‘ఐ డిడ్ నాట్ కేమ్’ అనే జవాబు మన పిల్లల నోట తరచూ వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు కావడంతోనే ఈ తికమక అని కొందరు తల్లిదండ్రులు ఇంట్లో తెలుగు మాన్పిస్తున్నారు. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం 2006-07లో ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ వచ్చింది. ఆ తరువాత చాలామంది పిల్లలకు తెలుగు మిగిలింది ఇంట్లోనే. దాన్నీ తీసేసే ముందు ఒక్క మాట.

‘లేదు’ చెప్పే పాఠం

‘వచ్చాను’ అంటాం, ‘వచ్చాలేదు’ అనం; ‘రాలేదు’ అంటాం. ‘లేదు’ రాగానే క్రియ భూతకాలపు గుర్తును వదిలేస్తుంది. తమిళంలోనూ ‘వందేన్’ కాస్తా ‘వరవిల్లై’ అవుతుంది. ఇంగ్లీషులో ఆ కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది కాబట్టి ‘డిడ్ నాట్ కమ్’ చాలు. ప్రశ్నలో మాత్రం తెలుగు దారి వేరు. ‘వచ్చావా?’లో కాలం క్రియతోనే ఉంటుంది, ఇంగ్లీషులో అక్కడా ‘డిడ్ యు కమ్?’ అనాలి. ఈ తేడాను ఉపాధ్యాయులు విడిగా చెప్పాలి.

లేచాడు, లేపాడు

‘రైజ్–రోజ్–రిజన్’ తానే లేవడం. ‘రెయిజ్–రెయిజ్డ్–రెయిజ్డ్’ మరొకదాన్ని లేపడం. అలాగే ‘లై–లే–లెయిన్’ పడుకోవడం, ‘లే–లెయిడ్–లెయిడ్’ పడుకోబెట్టడం లేదా ఒకచోట పెట్టడం. మొదటిదాని భూతకాలం, రెండోదాని వర్తమానం రెండూ ‘లే’ కావడమే చిక్కు. ‘దేన్ని?’ అని అడిగి చూడండి. జవాబు ఉంటే రెండో వరుస, లేకుంటే మొదటిది.

నిన్నా, ఇప్పుడా?

‘నిన్న వచ్చాడు’, ‘ఇప్పుడే వచ్చాడు’ రెంటికీ తెలుగులో క్రియ ఒకటే. ఇక్కడ తమిళం ఆదుకుంటుంది: ‘వందాన్’, ‘వందిరుక్కాన్’ అనే తేడా ‘కేమ్’, ‘హాజ్ కమ్’లకు దగ్గరగా ఉంటుంది. అయితే ‘నిన్న’, ‘పోయిన వారం’ వంటి గడిచిన సమయం చెప్పినప్పుడు ‘హాజ్’ రాకూడదు.

రాత్రి భోజనాల వేళ బిడ్డను ఆ రోజు జరిగినవి మూడు తెలుగులో చెప్పమనండి, తరువాత ఇంగ్లీషులో చెప్పించండి. తప్పు దొర్లితే తిట్టకుండా, ‘మన మాటలో ఎలా అంటాం?’ అని అడగండి. మూడు భాషల మధ్య పెరిగే బిడ్డకు పోల్చి చూసే అలవాటే పెద్ద ఆస్తి.