ఒక్క గుడ్డు, నూరు గుడ్లు

దక్షిణ సముద్రాల మీద తిరిగే ఆల్బట్రాస్ పక్షుల్లో అన్నిటికంటే పెద్దది సంచార ఆల్బట్రాస్. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 3.5 మీటర్లు. నేడు భూమ్మీద ఏ పక్షికీ ఇంత పొడవైన రెక్కలు లేవు. చాచిన రెక్క ముడుచుకోకుండా భుజం దగ్గర ఒక నరంలాంటి కట్టు బిగించి పట్టుకుంటుంది. అందుకే అలల మీది గాలినే ఆసరా చేసుకుని, రెక్క ఆడించకుండా గంటల తరబడి సాగిపోతుంది. ఆకాశంలో రెక్కలు విప్పే పక్షుల వైపు దృష్టి సారించమని దివ్యఖుర్ఆన్ (అల్ ముల్క్: 19) మనిషికి ఊరకే చెప్పలేదు.

ఇక రెండవది మన తీరానికి వచ్చే జీవి, ఆలివ్ రిడ్లే తాబేలు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా, ముఖ్యంగా జనవరి, మార్చి మధ్య, రాత్రివేళ ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడుతుంది. రెండడుగుల పైచిలుకు డిప్ప, సుమారు 40 కిలోల బరువు.

ఒకటి పక్షి, మరొకటి సరీసృపం. అయినా రెండింటికీ ఉప్పునీటితోనే బతుకు. ఒంట్లో చేరిన ఉప్పును బయటికి పంపే గ్రంథులను సృష్టికర్త రెండింటికీ ఇచ్చాడు. పక్షికి ముక్కు గొట్టాల గుండా, తాబేలుకు కళ్ల వెంట ఆ ఉప్పునీరు కారిపోతుంది. గుడ్లు పెట్టే తాబేలు ఏడుస్తోందని చూసేవారు అనుకుంటారు!

సంతానం దగ్గర మాత్రం రెండింటి దారులు పూర్తిగా వేరు. సంచార ఆల్బట్రాస్ రెండేళ్లకు ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆలుమగలు వంతులవారీగా 11 వారాలు పొదుగుతాయి. పిల్ల దాదాపు తొమ్మిది నెలలు గూటిలోనే ఉంటుంది. ఆ పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టడానికి పదేళ్లు పడుతుంది. తాబేలు నూరు గుడ్ల వరకు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. పిల్లల్లో ఆడ ఎన్నో, మగ ఎన్నో ఇసుక వేడిని బట్టే తేలుతుంది. పీతలు, కాకులు, కుక్కలు, చేపలు తినగా వెయ్యింటిలో ఒకటి పెద్దదైతే గొప్ప.

ఒకటి ఒక్కదాన్నే కంటికి రెప్పలా పెంచుతుంది, మరొకటి వందను వదిలేస్తుంది. కానీ రెండు జాతులూ నిలిచేది పెద్దవి చాలా ఏళ్లు బతికి, మళ్లీ మళ్లీ గుడ్లు పెడితేనే. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో 1956లో కాలికి పట్టీ వేసిన ఒక లేసన్ ఆల్బట్రాస్ 2024 చివరలో కూడా గుడ్డు పెట్టింది!

మనిషి చంపుతున్నది సరిగ్గా ఆ పెద్దవాటినే. మైళ్ల పొడవు తాళ్లకు కట్టిన గాలాల ఎరను మింగబోయి ఆల్బట్రాస్ నీట మునిగి చస్తుంది. రొయ్యల కోసం లాగే మరపడవల వలల్లో చిక్కిన తాబేలు, గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. హనఫీ కుటుంబాల్లో తాబేలు మాంసం ముట్టరు. రొయ్యల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నా మన తీర ప్రాంతాల్లో తినే ఇళ్లు చాలానే ఉన్నాయి. ముట్టని ఆ తాబేలు ప్రాణం మన రొయ్యల కూర ఖాతాలోనే పడుతోంది.

ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలు రెండింటిని తీసుకున్నారు. తల్లి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లడం చూసి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. ఈ హదీసు అబూదావూద్ సంకలనంలో ఉంది.

దారులు లేకపోలేదు. దక్షిణ జార్జియా దీవి చుట్టూ గాలాలను రాత్రిపూటే వేయడం, తాళ్లకు బరువులు కట్టడం, పక్షులను బెదరగొట్టే పీలికలు వేలాడదీయడం మొదలయ్యాక అక్కడి చావులు దాదాపు ఆగిపోయాయి. అయితే ఆ పక్షులు ఆ హద్దు దాటి ఎగిరిపోయి వేరే పడవల గాలాలకు చిక్కుతున్నాయి. మన వలలకు ఉన్న ఉపాయం ఒక ఊచల చట్రం, దాని పక్కన ఒక తలుపు. రొయ్యలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు తలుపులోంచి బయటపడుతుంది. కొంత చేప కూడా జారిపోతుందని మత్స్యకారులు వెనుకాడతారు. వారి కష్టం కొట్టిపారేసేది కాదు. అయితే రొయ్యలు కొనే మనం, వలకు ఆ తలుపు ఉందా అని ఏ బజారులోనూ ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.