ఆన్ చేసిన ప్రతిసారీ ప్రాసెసర్‌కు మరమ్మతు

కంప్యూటర్ బటన్ నొక్కాక తెర మీద కంపెనీ గుర్తు కనిపించి, డెస్క్‌టాప్ వచ్చేలోపు కొన్ని క్షణాలు గడుస్తాయి. ఆ కాస్త వ్యవధిలో వినియోగదారుకు తెలియకుండా ఒక చిన్న ఫైలు ప్రాసెసర్ లోపలికి చేరుతుంది. ఫోన్‌లో తీసిన ఒక ఫొటో కంటే కూడా అది చిన్నది. ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడో బయటికి వచ్చేసిన చిప్‌లోని తప్పులను సరిదిద్దేది ఆ ఫైలే. దాన్ని మైక్రోకోడ్ అప్‌డేట్ అంటారు.

మైక్రోకోడ్ అంటే ఏమిటి?

ప్రాసెసర్‌కు ప్రోగ్రాములు ఇచ్చే ఆదేశాల్లో కూడిక వంటి సులువైనవి నేరుగా సర్క్యూట్ల ద్వారానే పూర్తవుతాయి. క్లిష్టమైన ఆదేశాలను మాత్రం చిప్ చిన్న చిన్న అడుగులుగా విడగొట్టుకుంటుంది. ఏ అడుగు తరువాత ఏది వేయాలో చెప్పే పట్టిక చిప్ లోపలే ఉంటుంది. అదే మైక్రోకోడ్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ 1951లోనే ఈ ఆలోచనను ప్రతిపాదించారు.

చిప్‌లో తప్పు దొర్లితే ఎంత నష్టమో 1994లో తెలిసింది. ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ కొన్ని భాగహారాలను తప్పుగా చేస్తోందని అమెరికాకు చెందిన గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ గుర్తించారు. సరిదిద్దే మార్గం లేకపోవడంతో చిప్‌లనే మార్చి ఇవ్వాల్సి వచ్చింది. అందుకు ఇంటెల్ 47.5 కోట్ల డాలర్ల భారం మోసింది. మరుసటి ఏడాది వచ్చిన పెంటియం ప్రో చిప్‌లో మైక్రోకోడ్‌ను బయటి నుంచి సవరించే ఏర్పాటు ఉంది.

ముందే ఊహించడంలో ముప్పు

ఈ ఏర్పాటు అవసరం 2018 జనవరి 3న అందరికీ తెలిసొచ్చింది. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే రెండు భద్రతా లోపాలు ఆ రోజు వెల్లడయ్యాయి. గూగుల్ ప్రాజెక్ట్ జీరోలోని జాన్ హార్న్‌తో పాటు ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు, మరికొందరు వాటిని కనుగొన్నారు. మెల్ట్‌డౌన్ ప్రభావం ప్రధానంగా ఇంటెల్ చిప్‌ల మీద పడింది. స్పెక్టర్ మాత్రం ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్ మూడింటి చిప్‌లనూ తాకింది.

వేగం కోసం చేసిన ఏర్పాటే ఈ లోపాలకు మూలం. ఒక టిఫిన్ సెంటర్‌ను ఊహించుకుందాం. రోజూ పెసరట్టు తినే మనిషి వీధి మలుపులో కనిపించగానే వంటమాస్టర్ సామాన్ల గదిలోంచి అల్లం, ఉల్లి, పచ్చిమిర్చి తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంటాడు. ఊహ నిజమైతే సమయం కలిసొస్తుంది. ఆ మనిషి ఆ రోజు ఇడ్లీ అడిగితే బిల్లులో పెసరట్టు ఊసే ఉండదు. కానీ తెచ్చిన సామాను పొయ్యి పక్కనే ఉండిపోతుంది. తరువాత వచ్చినవాడు ఒక్కో టిఫినూ అడిగి, ఏది ఎంత త్వరగా వస్తోందో గడియారంలో చూస్తే చాలు. ముందు వచ్చిన మనిషి అలవాటు ఏమిటో పసిగట్టేయగలడు.

ప్రాసెసర్ చేసేదీ ఇదే. తరువాత రాబోయే పనిని ఊహించి ముందే మొదలుపెడుతుంది. ఊహ తప్పితే ఫలితాన్ని పారేస్తుంది. అయితే ఆ క్రమంలో తెచ్చుకున్న సమాచారం జాడ కేష్ అనే వేగవంతమైన జ్ఞాపకశక్తిలో మిగిలిపోతుంది. కేష్‌లో ఉన్నది కొన్ని నానోసెకన్లలో అందుతుంది. లేనిది ప్రధాన మెమరీ నుంచి రావడానికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఆ తేడాను కొలిచి, చూడకూడని పాస్‌వర్డులను, రహస్య తాళాలను కూడా అక్షరం అక్షరంగా రాబట్టవచ్చని పరిశోధకులు నిరూపించారు.

మందుకూ ఖరీదుంది

మెల్ట్‌డౌన్‌కు ఆపరేటింగ్ సిస్టమ్‌లో మార్పు సరిపోయింది. స్పెక్టర్‌లోని ఒక రకానికి మాత్రం ఊహలను అదుపుచేసే కొత్త మీటలు చిప్‌లోనే కావాల్సి వచ్చింది. వాటిని మైక్రోకోడ్ అందిస్తే, ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకుంటుంది. వెబ్ పేజీల నుంచీ దాడి సాధ్యమే కనుక, బ్రౌజర్లు తమ గడియారాల సూక్ష్మతను తగ్గించాయి.

మొదటి మందు వికటించింది కూడా. తొలి మైక్రోకోడ్ అప్‌డేట్‌తో కొన్ని కంప్యూటర్లు వాటంతటవే రీస్టార్ట్ కావడం మొదలైంది. దాని పంపిణీని ఆపమని 2018 జనవరి 22న ఇంటెల్ స్వయంగా కోరింది. సరిదిద్దినవి ఆ తరువాత వచ్చాయి.

ఊహించడాన్ని కట్టడి చేస్తే వేగం కొంత తగ్గుతుంది. 2023 ఆగస్టులో బయటపడిన డౌన్‌ఫాల్ లోపం ఇంటెల్ ఆరో తరం నుంచి పదకొండో తరం వరకు ఉన్న కోర్ చిప్‌లలో ఉంది. దాని సవరణ వల్ల కొన్ని ప్రత్యేకమైన పనుల్లో వేగం 50 శాతం వరకు తగ్గవచ్చని కంపెనీ చెప్పింది. ఉత్తరాలు రాయడం, సినిమా చూడడం వంటి ఇంటి పనుల్లో ఈ తేడా అంతగా తెలియదు. వేగం కోసం ఈ రక్షణలను ఆపేసేవారూ ఉన్నారు. కానీ అదే కంప్యూటర్లో బ్యాంకు లావాదేవీలు చేసేవారికి అది లాభసాటి బేరం కాదు.

ఇంట్లో ఏం చేయాలి?

మైక్రోకోడ్ సవరణ చిప్‌లో శాశ్వతంగా నిలవదు. కరెంటు తీయగానే చెరిగిపోతుంది. అందుకే ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని మళ్లీ ఎక్కించాలి. కంపెనీ డిజిటల్ సంతకం సరిపోలితేనే చిప్ దాన్ని స్వీకరిస్తుంది.

ఇది రెండు దారుల్లో వస్తుంది. ఒకటి మదర్‌బోర్డు బయాస్. మరొకటి విండోస్ లేదా లినక్స్ అప్‌డేట్. రెండో దారి సులువు. అప్‌డేట్లను ఆపకుండా ఉంటే చాలు. అయితే అన్ని సవరణలూ ఈ దారిలో రావు. కాబట్టి మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ కంపెనీ అధికారిక వెబ్‌సైట్లో కొత్త బయాస్ ఉందేమో అప్పుడప్పుడూ చూడాలి. దాన్ని ఎక్కించేటప్పుడు మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్, ల్యాప్‌టాప్‌కు నిండా ఛార్జింగ్‌తో పాటు ఛార్జర్ కూడా తగిలించి ఉండడం తప్పనిసరి.

పాత కంప్యూటర్లు వాడేవారు ఇంకో విషయం గమనించాలి. కొన్ని కోర్ 2 డుయో తరాలకు స్పెక్టర్ సవరణ ఇవ్వబోమని ఇంటెల్ 2018లోనే తేల్చిచెప్పింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేటప్పుడు ర్యామ్, హార్డ్ డిస్క్ ఎంతో అడిగినట్టే, దానికి అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా అనీ అడగాలి. చిప్ పాతదైనా, మరమ్మతు అందుతున్నంత కాలం అది కాస్త నమ్మదగినదే. ఆ మరమ్మతు ఆగిపోయిన రోజున కంప్యూటర్ ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, ఎప్పటిలాగే పనిచేస్తుంది. లోపం మాత్రం బయటికి కనిపించదు.