పేనుకొరుకుడు పేను పని కాదు

ధర్మవరంలో ఒక మగ్గం ఇల్లు. తల్లి కూతురికి జడ వేస్తోంది. చెవి వెనకాల రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు లేవు. అక్కడ చర్మం నున్నగా ఉంది. తల్లికి గుండె ఝల్లుమంది.

"పేను కొరికిందిలే. గురిగింజ అరగదీసి పూయి" అంది అవ్వ.

ఈ మాట చాలా ఇళ్ళలో వింటాం. కానీ పేను రక్తం పీలుస్తుంది. వెంట్రుకలు కొరకదు. పేలు లేని తలలోనూ ఈ మచ్చ వస్తుంది. మగవాళ్ళకు గడ్డంలో కూడా వస్తుంది.

మరి ఎందుకు వస్తుంది?

మన రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. అవి ఒంటికి కాపలావాళ్ళు. రోగక్రిములు వస్తే వాటితో పోరాడతాయి. ఈ బలాన్నే రోగనిరోధక శక్తి అంటారు. ఒక్కోసారి ఈ కాపలావాళ్ళు పొరపాటు పడతారు. మన వెంట్రుకల కుదుళ్ళనే శత్రువులనుకుని వాటి మీద పడతారు. అప్పుడు వెంట్రుకలు రాలిపోతాయి.

కానీ కుదుళ్ళు చావవు. నేత ఆగితే మగ్గం విరిగినట్టు కాదు కదా! అందుకే చిన్న మచ్చ అయితే చాలామందికి వెంట్రుకలు మళ్ళీ వస్తాయి. కొందరికి మొదట తెల్లగా వస్తాయి, తర్వాత నల్లబడతాయి. కొందరికి మళ్ళీ ఊడవచ్చు.

నూటికి సుమారు ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఎవరి పాపమూ కాదు.

మచ్చ మీద పొట్టు లేచి, దురద ఉంటే అది తామర కావచ్చు. తామర అంటుకుంటుంది. దాని మందు వేరు. ఏదో తేల్చాల్సింది డాక్టరే.

గురిగింజలో విషం ఉంది. పూస్తే చర్మం పుండు కావచ్చు. పిల్లలు నమిలి మింగితే ప్రాణమే పోవచ్చు.

అనంతపురం ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. పిల్లలకు ఎక్కువగా పూతమందు ఇస్తారు. పెద్దవాళ్ళకు మచ్చలోనే సన్నని సూదితో మందు ఎక్కిస్తారు. ఆ మందు తెల్లకణాల దాడిని తగ్గిస్తుంది. తలలో చాలా భాగం ఊడిన పెద్దవాళ్ళ కోసం 2022లో అమెరికాలో బారిసిటినిబ్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఆ మాత్ర రోగనిరోధక శక్తినే తగ్గిస్తుంది. దానివల్ల వేరే జబ్బులు పట్టుకోవచ్చు. అందుకే రక్తపరీక్షలు చేసి, డాక్టరే ఇవ్వాలి. సొంతంగా కొని మింగరాదు.

మరి ఆ తల్లి ఏం చేయాలి? బిడ్డను బడి మాన్పించకూడదు. గురిగింజలు పిల్లలకు అందకుండా పారేయాలి. బిడ్డను డాక్టరుకు చూపించాలి. అవ్వకు కూడా ఈ సంగతి చెప్పాలి.